అత్తయ్య కొనలు తుంచిన పైన్ చెట్టు

మొన్న మే నెలలో అరోరాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఆదివారం పొద్దున కాఫీ కలుపుకుంటుంటే వెనక పెరట్లోంచి కేక వేసింది. "అమ్మా, ఒకసారి బయటకి రా. ట్రీ మీద ఏవో వార్మ్స్ ఉన్నాయి, చాలా గ్రాస్‌గా ఉన్నాయి." నేను చెప్పులేసుకుని వెళ్ళేలోపలే ఫోను కొమ్మ దగ్గర పెట్టి ఫొటో తీసేసింది. ఫోను వాటి పేరు చెప్పేసింది, ఏం చేయాలో కూడా చెప్పేసింది. సాఫ్లై పిల్లపురుగులట. నేను కళ్ళజోడు సర్దుకుని, కొమ్మ వంచి, ఒక పురుగును వేలి మీదకు ఎక్కించుకుని దాని పొట్ట కింద కాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. "యాప్ చెప్పింది కదమ్మా, మళ్ళీ కౌంట్ చేయడం ఎందుకు?" అంది. అలవాటు అన్నాను. ఆ అలవాటు ఎలా అయిందో చెప్పాలంటే చాలా దూరం వెనక్కి వెళ్ళాలి. దానికి వినే ఓపిక లేదు, నా కాఫీ చల్లారిపోతోంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మేము మిషిగన్‌లోని నోవైలో ఇల్లు కొనుక్కున్నది డెబ్బైల చివర్లో. ఇప్పుడు ఆ ఊరికి వెళితే దోసె ఎక్కడ తినాలో తేల్చుకోలేక సతమతమవ్వాలి గానీ, అప్పట్లో అక్కడ మొక్కజొన్న చేలు, గుర్రాల కొట్టాలు, వాటి మధ్య కొత్తగా లేచిన రెండు మూడు వీధులు, అంతే. మా వీధిలో తెలుగు మాట మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. మా వారు ప్రసాద్ కార్ల కంపెనీలో ఇంజనీరు. పొద్దున ఏడింటికి వెళితే సాయంత్రం ఆరింటికి రావడం. నేను ఒంగోలులో బీజెడ్సీ చదివి, పెళ్ళి చేసుకుని, నేరుగా మంచులోకి దిగినదాన్ని. బొద్దింకను కోసి దాని నోటి భాగాలు గాజుపలక మీద వరసగా పేర్చి ఒక్కోదానికీ పేరు రాయగలను. కప్ప రక్తనాళాలు చూడకుండా గీయగలను. ఆ విద్య కోసం మిషిగన్‌లో ఎవరూ ఎదురుచూడటం లేదని మొదటి చలికాలంలోనే అర్థమైంది. కారు నడపడం రాదు. రోజంతా కిటికీలు మూసిన వంటింట్లో నిలబడి పోపులో ఇంగువ వేయాలా వద్దా అని ఆలోచించేదాన్ని. ఒకసారి వేస్తే ఆ వాసన మా వారి ఆఫీసు కోటుకు పట్టుకుని మూడు రోజులు వదిలేది కాదు.

పెరట్లో మూడు పైన్ చెట్లు ఉండేవి, మాకు ఇల్లు అమ్మినవాళ్ళు నాటినవి. రెండు పెద్దవి. ఒకటి చిన్నది, స్టూలు ఎక్కితే దాని చివర అందేది. ఆ చిన్నదంటే నాకు ఎందుకో ముద్దు. చలికాలమంతా మా కిటికీలోంచి పచ్చగా కనిపించేవి ఆ మూడే. పక్కింటి హెలెన్ వంటింటి కిటికీ కూడా వాటి వైపే ఉండేది. ఆవిడ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. భర్త పోయాడు. నన్ను తన పెద్ద కారులో ఎక్కించుకుని కిరాణా దుకాణానికీ, లైబ్రరీకీ తిప్పేది. ఆవిడ ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది, నా ఇంగ్లీషు ఆవిడకు సగం అర్థమయ్యేది. ఆ రెండు సగాలతోనే స్నేహం బాగా సాగింది.

ఇల్లు కొన్న చలికాలం గడిచాక, ఏప్రిల్లో మా అత్తగారు వచ్చారు. అత్తయ్యది కందుకూరు దగ్గర పల్లె. మామయ్యగారు పోయాక పదెకరాల పొగాకు సేద్యం ఆవిడే చేతిలోకి తీసుకున్నారు. మా బావగారు ఇంటికి పెద్దకొడుకే అయినా పొలం దగ్గర మాత్రం ఆవిడ మాటే మాట. నారు పోయించడం నుంచి బ్యారన్‌లో, అంటే పొయ్యి వేడి పెట్టే కొట్టంలో, ఆకు కాల్చేదాకా అన్నీ దగ్గరుండి చూసుకునేవారు. పొడుగు మనిషి. వేళ్ళు పొగాకు జిగురుకు నల్లబడి ఉండేవి. చుట్ట తాగేవారు. ఆ సంగతి పెళ్ళిచూపులప్పుడు మాకెవరూ చెప్పలేదు. సూట్‌కేసులో చీరల మధ్య, కారం పొట్లాల పక్కన, గుడ్డలో చుట్టిన పొగాకు కాడలు తెచ్చుకున్నారు. కొడుకు ఎదుట తాగేవారు కాదు. ఆయన కారు వీధి మలుపు తిరగగానే పెరటి మెట్ల మీద కూర్చుని వెలిగించేవారు. ఆ సంగతి కొడుక్కి తెలుసు, కొడుక్కి తెలుసని ఆవిడకీ తెలుసు. అయినా ఆరు నెలలూ ఆ మర్యాద అలాగే జరిగింది.

నాలుగున్నరకే లేచేవారు. లేచి చేసేదేముంది? కళ్ళాపి చల్లే వాకిలి లేదు, పితకడానికి గేదె లేదు. కార్పెట్ ఊడుస్తానని చీపురు తీస్తే నేను వద్దని వాక్యూమ్ బయటకు లాగేదాన్ని. ఆ మోతకు చెవులు మూసుకుని వెళ్ళి మెట్ల మీద కూర్చునేవారు. "ఏందమ్మాయ్, కాళ్ళూ చేతులూ కట్టేసి కూచోబెట్టినారు నన్ను" అనేవారు. నాకు కొత్త కోడలి భయం కొంత, ఇది నా ఇల్లు అన్న పట్టుదల కొంత. పప్పు ఇంకాస్త ఉడకాలంటే మొహం ముడుచుకునేదాన్ని. ఒకరినొకరు నొప్పించకుండా పక్కకు తప్పుకుని తిరిగేవాళ్ళం. అంతకు మించిన చనువు లేదు.

మే నెలలో ఒక పొద్దున ఆవిడ పెరట్లోంచి పిలిచారు. "అమ్మాయ్, ఇట్టా రా. నీ చెట్టుకి లద్దెపురుగు పట్టింది." వెళ్ళి చూస్తే చిన్న చెట్టు కొమ్మల మీద గుత్తులు గుత్తులుగా పురుగులు. బూడిద కలిసిన పచ్చ రంగు, నిగనిగలాడే నల్ల తల, ఒంటి మీద పొడుగు చారలు. సూదుల్లాంటి ఆకులను చివరి నుంచి మొదలుదాకా నమిలేస్తున్నాయి. మా నీడ పడగానే అన్నీ ఒకేసారి తలలు పైకెత్తి వెనక్కి విరిచాయి. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అత్తయ్య మాత్రం ఇంకా దగ్గరకు వంగారు. వచ్చిన నెల రోజుల్లో ఆవిడ మొహంలో అంత ఉత్సాహం నేను చూడలేదు. "తింటే తిన్నాయి గానీ, పొగరు చూడు వీటికి" అన్నారు.

సాయంత్రం మా వారు వచ్చి చూసి, "వీకెండ్‌లో మూడూ కట్ చేయించేద్దాం, అంతా స్ప్రెడ్ అయ్యేలా ఉంది" అన్నారు. ఆయనకు ఏ సమస్యకైనా ముందు కట్ చేయడమే తోస్తుంది. అత్తయ్యా నేనూ ఒకేసారి వద్దన్నాం. మేమిద్దరం ఒక మాట మీద నిలబడటం అదే మొదలు. మర్నాడు ఆయన హార్డ్‌వేర్ దుకాణంలో గొంగళిపురుగులను చంపే పొడి కొనుక్కొచ్చి నీళ్ళలో కలిపి కొట్టారు. వారం చూశాం. పురుగులు దర్జాగా తింటూనే ఉన్నాయి, ఇంకాస్త లావెక్కి పెద్ద చెట్ల మీద కూడా కనపడ్డాయి. "ఒరే పెసాదూ, మందు కొట్టినావా, దిష్టి తీసినావా?" అన్నారు అత్తయ్య.

ఇక తన మందు తీశారు. నేను అన్నం వండే పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, పొగాకు కాడలు తుంచి వేసి, బాగా మరగనిచ్చి, అందులో బట్టల సబ్బు ముక్క కరిగించారు. వంటిల్లంతా ఘాటు. నాకు వాంతి వచ్చినంత పనైంది. ఆ గిన్నెలో మళ్ళీ ఎప్పుడూ అన్నం వండలేదు. కషాయం పడిన చోటల్లా పురుగులు టపటపా రాలాయి. కానీ ఆవిడ తెచ్చుకున్న పొగాకు ఎంతని వస్తుంది? ఒక్క పెద్ద చెట్టు కింది కొమ్మలకే అయిపోయింది. మర్నాడు పొద్దున మెట్ల మీద ఊరికే కూర్చుని ఉన్నారు. చుట్ట ఏదని అడగబోయి, కడిగి బోర్లించిన గిన్నె చూసి ఊరుకున్నాను. ఆరు నెలలకని తెచ్చుకున్నదంతా చెట్టుకే పోసేశారు. "పోనీలే, ఈ చలిలో తాగినా రుచి లేదు" అన్నారు. రెండు రోజుల తర్వాత మెట్ల మీద ఒక సిగార్ల డబ్బా కనిపించింది. మా వారు ఏమీ ఎరగనట్టు ఆఫీసుకి వెళ్ళిపోయారు. అత్తయ్య ఒకటి వెలిగించి, గడ్డి వాసన వస్తోందని ఆర్పేసి, అయినా డబ్బా మాత్రం దాచుకున్నారు.

ఆ మధ్యాహ్నం, ఘాటు వదలని ఆ గిన్నెను మళ్ళీ తోముతుంటే నాకొక అనుమానం వచ్చింది. గొంగళిపురుగు మందుకు ఇవి చావలేదంటే ఇవి గొంగళిపురుగులు కాకపోవచ్చు గదా. ఒకదాన్ని పచ్చడి సీసాలో వేసి తెచ్చి, మా వారి భూతద్దం తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ముందు వైపు మూడు జతలు అసలు కాళ్ళు. అవి పక్కన పెట్టి, పొట్ట కింద మెత్తగా ఉండే ఉత్తుత్తి కాళ్ళు లెక్కపెట్టాను. ఎనిమిది జతలు. గొంగళిపురుగుకి అవి అయిదు జతలకు మించి ఉండవు. మా కాలేజీ రికార్డు పుస్తకంలో నేనే బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టాను. ఇంకో మూడు పురుగులు తెచ్చి చూశాను. అన్నిటికీ ఎనిమిదే. ఎనిమిది జతల కాళ్ళున్నాయత్తయ్యా అని మెట్ల వైపు కేకేసి, చెయ్యి కూడా సరిగా కడుక్కోకుండా హెలెన్ తలుపు కొట్టి, లైబ్రరీకి తీసుకెళ్ళమన్నాను.

పుస్తకం దొరకడానికి గంట పట్టింది. దాని పేరు సాఫ్లై, రంపపు ఈగ అనుకోవచ్చు. తల్లి ఈగకు తోక దగ్గర చిన్న రంపం ఉంటుంది. ఆకురాలు కాలంలో దానితో పైన్ ఆకును కోసి లోపల గుడ్లు దాస్తుంది. గొంగళిపురుగుల పొడి వీటి మీద పనిచేయదు. సబ్బునీళ్ళ బకెట్ పెట్టి కొమ్మను దులిపితే చాలు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. మా చెట్ల మీద ఉన్న రకం పోయినేటి ఆకులే తింటుంది. మే నెలలో కొమ్మల చివర కొవ్వొత్తుల్లా నిలువుగా లేచే కొత్త కొనల జోలికి పోదు. జూన్ రాగానే నేలలోకి దిగిపోతుంది. చెట్టు బోడిగా కనపడినా, కొనలు ఉన్నంతవరకు బతుకుతుంది. పైన్ చెట్టు వేప లాంటిది కాదు, బోడి కొమ్మ మీద మళ్ళీ చిగురు వేయలేదు. కొన పోతే ఆ కొమ్మ పోయినట్టే. ఇదంతా తిరిగి వచ్చేటప్పుడు కారులో హెలెన్‌కి ఏకరువు పెట్టాను. మూడేళ్ళు చదివిన చదువు మొదటిసారి అక్కరకు వచ్చిందని నా సంబరం. ఆవిడకు ఎంత అర్థమైందో గానీ నా మోకాలు తట్టి నవ్వింది.

మేము పెరట్లోకి వెళ్ళేసరికి అత్తయ్య వంటింటి స్టూలు దిగుతున్నారు. చేతిలో బట్టలు ఆరేసే ప్లాస్టిక్ బుట్ట, దాని నిండా లేత కొనలు. పెరడంతా గుగ్గిలం వాసన. చిన్న చెట్టు మీద ఒక్క కొన లేదు. పొగాకు పండించేవాళ్ళు మొక్క పూతకు వచ్చే ముందు తల తుంచుతారు. అప్పుడు బలమంతా ఆకుకు దిగి ఆకు మందంగా పెరుగుతుంది. నలభై ఏళ్ళు ఆ పని చేసిన బొటనవేలు ఆవిడది. ఆకు తగ్గిపోయిన చెట్టుకి ఉన్న ఆకైనా నిలబడాలంటే తలలు తుంచాలని ఆవిడ లెక్క. పొగాకుకైతే ఆ లెక్క నూటికి నూరుపాళ్ళు సరైనదే. మొహం చెమటతో మెరుస్తోంది. "ఇంక చూడమ్మాయ్, బలమంతా ఆకుకి దిగుద్ది. మిగతా రెండూ రేపు తుంచుదాం" అన్నారు.

నాకు నోటి దురుసు చిన్నప్పటి నుంచీ ఉంది. మా అమ్మ ఎన్నిసార్లు హెచ్చరించినా పోలేదు. చేతిలో పుస్తకం ఉంది, వెనక హెలెన్ ఉంది, గంట నుంచీ గొప్పగా చెప్పుకుంటూ వచ్చిన సంబరం అంతా తుంచి ఆ బుట్టలో వేసినట్టనిపించింది. "పురుగులైనా వాటిని వదిలిపెట్టాయి అత్తయ్యా. మీరు వదల్లేదు. చెట్టుని చంపింది మీరే" అన్నాను.

తెలుగులోనే అన్నాను. అయినా హెలెన్ తల తిప్పుకుని తన ఇంటికి వెళ్ళిపోయింది. అత్తయ్య బుట్ట కింద పెట్టి, అందులోంచి ఒక కొన తీసి, తుంచిన చోట ఆనించి చూశారు. కాసేపు అలాగే పట్టుకున్నారు. తర్వాత లోపలికి వెళ్ళి నువ్వులనూనె రాసుకుని వేళ్ళ జిగురు వదిలించుకున్నారు. సాయంత్రం కొడుకుతో ఏమీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అన్నంలో మజ్జిగ పోసుకుని రెండు ముద్దలు తిని లేచిపోయారు. ఇన్నేళ్ళలో నేను చాలామందిని చాలా మాటలన్నాను. వాటిలో వెనక్కి తీసుకోవాలనిపించేది ఒక్కటి చెప్పమంటే ఇదే చెబుతాను.

మర్నాడు పొద్దున నేను వంటింట్లోకి వచ్చేసరికి ఆవిడ భూతద్దం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. "ఎన్ని కాళ్ళన్నావు?" అన్నారు. పక్కన కూర్చుని చూపించాను. ముందువి వదిలేయండి, ఇక్కడి నుంచి లెక్కపెట్టండి అన్నాను. పురుగు కదిలిపోతుంటే గోటితో సున్నితంగా అదిమి పట్టి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టారు. "ఎనిమిది. మా లద్దెపురుక్కి ఎన్నో ఎప్పుడూ చూడలా. చంపటమేగానీ లెక్కబెట్టింది లేదు" అన్నారు. ఆ రోజంతా ఇద్దరం బకెట్ పట్టుకుని పెద్ద చెట్లు రెండూ దులిపాం. ఆవిడ కొమ్మ కొట్టడం, నేను కింద బకెట్ పట్టడం. పై కొమ్మలకు మా వారు తోటలో ఆకులు లాగే పొడుగు కర్ర. హెలెన్ కూడా తన రబ్బరు చేతితొడుగులు వేసుకుని వచ్చింది. కొత్త కొనలు ఒక్కటీ విరగకుండా అత్తయ్య ఎంతో జాగ్రత్తగా కొట్టారు. తప్పయిందండీ అనడం మా ఇళ్ళలో అలవాటు లేదు. పెద్దవాళ్ళతో అసలే లేదు. ఆ మధ్యాహ్నం ఆవిడ కంచంలో నెయ్యి రెండు చెంచాలు ఎక్కువ వేశాను. ఆవిడ వద్దనలేదు. అంతటితో ఆ సంగతి మాట్లాడుకోవడం అయిపోయిందనుకున్నాం.

చిన్న చెట్టు ఆగస్టుకల్లా గోధుమ రంగుకి తిరిగింది. గొట్టం ఉన్నా అత్తయ్య దానికి రోజూ బకెట్‌తోనే నీళ్ళు మోసేవారు. గొట్టంతో పోస్తే ఎంత తాగిందో తెలీదని ఆవిడ వాదన. ఆకులు తాకితే రాలుతున్నా మానలేదు. సెప్టెంబరు చివర ప్రయాణం రోజున, సామాను కారులో పెట్టాక, పెరట్లోకి వెళ్ళి చెట్టు దగ్గర నిలబడ్డారు. "దీన్ని ఇప్పుడే తీయించబాక. చలికాలం పోనీ. చిగురేస్తే నాకు ఉత్తరం రాయి" అన్నారు. రాస్తానన్నాను.

మంచు కరిగింది. పెద్ద చెట్లు రెండూ కొత్త కొనలు వేశాయి. చిన్నదాని కొమ్మ వంచితే పుల్లలా విరిగింది. మా వారు అరపూటలో దాన్ని తీసేశారు. ఆ మధ్యాహ్నం మడిచి అతికించే నీలం ఏరోగ్రామ్ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. "అత్తయ్యా, చెట్టు" అని రాసి ఆగాను. ఆవిడ ఉత్తరం ఎలా చదువుతారో నాకు తెలుసు. వేలు పెట్టి, ఒక్కో అక్షరం పైకి పలుకుతూ చదువుతారు. చచ్చిపోయింది అని రాస్తే ఆ మాట ఆవిడ తన నోటితోనే పలకాలి. ఒకసారి నేను మొహం మీద అన్నది చాలదన్నట్టు, ఇప్పుడు ఆవిడ చేతే అనిపించాలా? "చిగిర్చింది" అని రాశాను. రాశాక ఒక్క మాటతో ఆపితే నమ్మరేమోనని భయం వేసింది. ఏ కొమ్మ ముందు చిగిర్చిందో, చిగురు ఏ రంగులో ఉందో, హెలెన్ చూసి ఏమందో, కాగితం మూడు మడతలూ నింపేశాను.

అంతకు ముందు నా ఉత్తరాలు నాలుగు ముక్కలు. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను, చలి ఎక్కువగా ఉంది, ఉంటాను. నెల తర్వాత అత్తయ్య జవాబు వచ్చింది, గుండ్రటి పెద్ద అక్షరాలతో. "చిగురు యెంత వొచ్చింది, బెత్తెడా జానెడా?" అని అడిగారు. జవాబు రాయాలి గదా. పెరట్లోకి వెళ్ళి పెద్ద చెట్టు చిగురును జానతో కొలిచి రాశాను. ఆకు మొగ్గ విడేటప్పుడు ఎలా ఉంటుందని అడిగారు. నాలుగు రోజులు చెట్టు కింద నిలబడి చూసి రాశాను. మంచు బరువుకు కొమ్మ వంగితే ఏం చేశావని అడిగారు. చీపురుతో దులిపానని రాశాను, రాసేముందు పక్క చెట్టును నిజంగానే దులిపాను. నాకు కడుపొచ్చిన సంగతి కూడా చెట్టు సంగతుల మధ్యే రాశాను. ఆవిడ ముందు చెట్టు గురించి అడిగి, తర్వాత బొప్పాయి తినొద్దని రాశారు. మా వారు ఒకసారి నా ఉత్తరం చదివి, "నీ లెక్క ప్రకారం ఆ చెట్టు ఇప్పుడు రూఫ్ దాటి ఉండాలి" అన్నారు. ఆ తర్వాత ఎదుగుదల కాస్త తగ్గించాను. తర్వాత నేను కథలు రాసేదాన్నయ్యాను. నా మొదటి కథ ఏదని ఎవరైనా అడిగితే పత్రికలో వచ్చినదాని పేరే చెబుతూ వచ్చాను. అది అబద్ధం. కనపడనిదాన్ని కనపడేట్టు రాయడం నేను ఆ ఏరోగ్రామ్‌ల మీదే నేర్చుకున్నాను.

ఇప్పుడు నా కూతురూ నేనూ రోజుకు నాలుగుసార్లు మొహాలు చూసుకుంటూ మాట్లాడుకుంటాం. అబద్ధం ఆడే వీలు లేదు, చెట్టు చూపించమంటే చూపించాలి. అది మంచిదే. ఉత్తరం పోవడానికి పదిహేను రోజులు, రావడానికి పదిహేను రోజులు పట్టిన కాలాన్ని నేను బంగారు కాలమని అనను. ఆ రోజుల్లో హెలెన్ లేకపోతే నాకు పిచ్చెక్కేది. జ్వరం వస్తే ఆ సంగతి అమ్మకు తెలిసేసరికి తగ్గి పది రోజులయ్యేది. కానీ ఆ నెల రోజులూ ఒక మనిషి మొహాన్ని మనసులో పెట్టుకుని, ఈ మాట చదివితే ఏమనుకుంటుంది, ఇక్కడ నవ్వుతుందా, ఇక్కడ ఆగుతుందా అని ఆలోచించేదాన్ని. ఒకే ఇంట్లో ఉన్న ఆరు నెలల్లో అత్తయ్యను నేను అంతగా చూడలేదు. మా అమ్మాయి గురించి నాకు అన్నీ తెలుసు, ఇవాళ ఏం వండిందో కూడా తెలుసు. దాని గురించి అలా కూర్చుని ఆలోచించి ఎన్నాళ్ళయిందో మాత్రం చెప్పలేను.

అయిదేళ్ళ తర్వాత అత్తయ్య మళ్ళీ వస్తున్నానని రాశారు. మనవరాలిని చూడాలి, చెట్టును కూడా చూడాలి అని. నర్సరీకి వెళ్ళి, అప్పటికి కారు నడపడం వచ్చింది, ఉన్నవాటిలో పెద్ద పైన్ చెట్టు ఒకటి ఎంచి, వేళ్ళకు మట్టిముద్దతో సహా తెప్పించి అదే చోట నాటించాను. మా వారు చేతులు కట్టుకుని చూశారు. "మా అమ్మ ఆకు పట్టుకుని అది ఏ చేలోదో చెప్తుంది. ఆమెని నువ్వు నర్సరీ చెట్టుతో మేనేజ్ చేద్దామనుకుంటున్నావా?" అన్నారు. మీరు నోరు మూసుకుంటే చాలన్నాను.

వచ్చిన మర్నాడు పొద్దున పాప ఇంకా నిద్రలేవలేదు. మా వారు ఆఫీసుకి వెళ్ళిపోయారు. అత్తయ్య శాలువా కప్పుకుని పెరట్లోకి నడిచారు, నేను వెనకే వెళ్ళాను. ఈ అయిదేళ్ళలో నడుం కొంచెం వంగింది. పెద్ద చెట్లు రెంటినీ తలెత్తి చూసి సంతోషించారు. కొత్త చెట్టు దగ్గర ఆగి, మొదట్లో మట్టిని కాలి బొటనవేలితో అదిమి చూశారు.

"పాతదాన్ని ఎప్పుడు తీయించినావు?" అన్నారు.

"మీరు వెళ్ళాక వచ్చిన వసంతంలోనే" అన్నాను.

"నేనూ అదే అనుకున్నా."

"ఆ రోజు నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది అత్తయ్యా. ఇన్నేళ్ళూ అదే బాధ."

"అన్నదాంట్లో తప్పేముంది? చంపింది నేనే గదా" అన్నారు. గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. చెట్టు మీంచి ఒక ఎండాకు తీసి పారేశారు.

"మీకు ఎప్పటి నుంచీ తెలుసు?"

"నీ మొదటి ఉత్తరం నుంచే. బతికిన చెట్టు గురించి ఎవురూ అన్ని మాటలు రాయరమ్మాయ్."

"తెలిసీ మరి ప్రతి ఉత్తరంలో దాని గురించే ఎందుకడిగారు?"

ఆవిడ మెట్ల దగ్గరికి వచ్చి, మోకాలి మీద చెయ్యి ఆన్చి మెల్లగా కూర్చున్నారు. "అడగటం మానేస్తే నువ్వు మళ్ళా నాలుగు ముక్కలు రాసి మూసేస్తావని" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ శాలువా కొంచెం సర్దుకుని పక్కన చోటు చేశారు. వెళ్ళి కూర్చున్నాను.

"పోయిన ఉత్తరంలో ఆ చిన్న చెట్టు మీద పిట్ట గూడు పెట్టిందని రాసినావు" అన్నారు అత్తయ్య, నా వైపు తిరగకుండా. "పిల్లలు ఎగిరిపోయినయ్యా?"

"ఎగిరిపోయాయి అత్తయ్యా," అన్నాను కళ్ళు తుడుచుకుని, "మూడూ."